కడాయి వంతు వచ్చిన రోజు

ఇంకో గంటలో ఈ కడాయి దిగుతుంది. దిగేలోగా తమ్ముడి పెళ్ళాం నీలవ్వకు ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే రేపు పొద్దున ఫస్టు బస్సుకు ఆమె బిడ్డ రత్నను వెంటబెట్టుకుని ఆర్మూరు పోతుంది, అక్కడ కరీంనగర్ బస్సెక్కి, కరీంనగర్‌లో ఇంకోటి మారి, మధ్యాహ్నానికి వరంగల్ జైలు ముందు నిలబడుతుంది. లోపల నా తమ్ముడు ఎంకటి ఇనుప జాలీ అవతలి నుంచి పెళ్ళాంతో మాట్లాడి, బిడ్డ మొఖం చూడకుండా తల తిప్పుకుంటాడు. ఏళ్ళ నుంచి అట్లాగే తిప్పుకుంటున్నాడు. ఎందుకో ఈ పొద్దటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిసినప్పటి నుంచి పొయ్యిలోకి కట్టెలు తోస్తూనే ఉన్నాను. పసుపు ఆకులు కప్పిన కడాయి ఇంకా గుడగుడమనడం మొదలుపెట్టలేదు, పక్కల నుంచి మాత్రం సన్నగా ఆవిరి వస్తోంది. నీలవ్వ అటు కల్లంలో నిన్నటి పసుపును ఎండకు పరుస్తోంది, బిడ్డ గంపలు అందిస్తోంది, ఈ ఎనభై ఎనిమిదో సంవత్సరం పసుపు మంచిగానే దిగిందని అందరూ అంటున్నారు, అననీ.

పొద్దున రాజం వచ్చాడు. నవీపేట్ మనిషి, ఎంకటితో పాటు ఒకే బారకులో తొమ్మిదేళ్ళు ఉన్నవాడు, ఈ జనవరిలోనే మాఫీ మీద బయటపడ్డాడు. ఎంకటి అల్లిన ఒక నవారు కట్ట ఇచ్చి పోదామని వచ్చాడు. వచ్చినవాడికి కాళ్ళకు నీళ్ళిచ్చి పొయ్యి పక్కనే కూర్చోబెట్టి, నా తమ్ముడి బాగోగులు అడిగాను. బరువు తగ్గిండన్నాడు, కండ్లు మసకలైనయన్నాడు, తోట పనికి వేసిన్రు, వంకాయ మస్తు కాయిస్తడన్నాడు. మరి బిడ్డ గురించి ఏమన్నా అంటాడా అని అడిగాను. అడగకపోయినా పోయేది. రాజం బీడీ ముట్టించుకుని, మనసులో ఏమీ పెట్టుకోని మనిషి గనక, వాన పడ్డదన్నట్టు చెప్పేశాడు. "గా పిల్ల ముచ్చట మా ముంగట తియ్యడన్నా. ఒక్కపారి మాత్రం అన్నడు. పిల్ల పుట్టవట్టే వాయిదా పడ్డదట గద. వాయిదా పడకుంటే నాలెక్కనే గీ జనవరిల ఇంటికొచ్చేటోడు. పిల్ల మీద కోపం లేదంటడు. మొఖం జూస్తే తారీఖు యాదికొస్తదట, గందుకే సూడడు." ఆ మాట చెప్పి, ఆకలైతుందన్నా అని లేచాడు. ఇంటికి పంపించాను. మా ఇంటామె వాడికి జొన్న గటక పెట్టి ఉంటుంది, వాడు తిని మంచం మీద ఒరిగి ఉంటాడు, తొమ్మిదేళ్ళ తర్వాత ఎవరూ లెక్కపెట్టని నిద్ర. నేను మాత్రం పొయ్యి ముందు మిగిలిపోయాను.

పిల్ల పుట్టవట్టి వాయిదా పడలేదు. కడాయి వంతు వచ్చి వాయిదా పడింది. ఈ సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు.

కడాయి వంతంటే ఏందో కోర్టులో కూర్చునేవాళ్ళకు ఎట్లా చెప్పను. ఊరికి అప్పుడు రెండే కడాయిలు, పసుపు వేసేది నలభై ఇళ్ళవాళ్ళు. పసుపు కొమ్ము తవ్వినాక నాలుగు రోజుల్లో ఉడకబెట్టకపోతే రంగు పోతుంది, చెమ్మకు బూజు పడుతుంది. అందుకని ఊరంతా కూర్చుని వంతులు పెట్టుకుంటారు, నీది మంగళవారమంటే మంగళవారమే, ఆ రోజు నువ్వు పొయ్యి ముట్టించకపోతే కడాయిని పక్కవాళ్ళు మోకులు కట్టి మోసుకుపోతారు, మళ్ళీ నీ దగ్గరికి వచ్చేసరికి ఇరవై రోజులు. చావుకైనా ఒక పూట ఆగుతారేమో గాని కడాయి ఆగదని మా దగ్గర అంటారు. డెబ్బై ఎనిమిది మార్చిలో మా వంతు వచ్చింది. అదే రోజు నిజామాబాద్ కోర్టులో నా సాక్ష్యం. తమ్ముడు అప్పటికి ఎనిమిది నెలలుగా లోపలే ఉన్నాడు, బేలు ఇవ్వలేదు. ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణి. చేనులో తవ్వి కుప్పపోసిన కొమ్ము. నేనేమనుకున్నానంటే, కోర్టు ఎక్కడికి పోతుంది, ఇంకో తారీఖు ఇస్తారు, తారీఖులు వాళ్ళ దగ్గర ఏమన్నా కరువా. పసుపు మాత్రం మళ్ళీ జూన్ దాకా విత్తేది లేదు. ఎవరన్నా అట్లాగే అనుకుంటారు. మా ఊళ్ళో ఎవరినడిగినా అట్లాగే అనుకుంటారు. అనుకుని అనుకుని పదేళ్ళయినా ఆ మాట నాకు సరిపోవడం లేదు.

ముందురోజు సైకిలు మీద ఆర్మూరు పోయి, బస్సులో నిజామాబాద్ పోయి, వకీలు గుమాస్తాను పట్టుకున్నాను. సన్నటి మనిషి, చెవిమీద పెన్ను. పసుపు ఉడకబెట్టేది ఉంది, వాయిదా కావాలన్నాను. ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసి, "పసుపని రాస్తే జడ్జి సారు నవ్వుతడు పటేలా. కూని కేసు. గట్టి కారణం ఉంటే చెప్పు" అన్నాడు. గట్టి కారణం. ఎంత తొందరగా వచ్చింది నోటికి! మా మరదలికి నొప్పులు వస్తున్నయి, ఇంట్ల ఇంకెవ్వరు లేరు, దవాఖానకు తీస్కపోవాలె అన్నాను. నీలవ్వకు అప్పుడు నెలలు నిండాయి, నిజమే, కానీ ఆ పొద్దు ఆమె మంచిగా కూర్చుని జొన్నలు చెరుగుతోంది. కాన్పు అయింది తొమ్మిది రోజుల తర్వాత. గుమాస్తా సంతోషంగా రాసుకున్నాడు. అబద్ధమాడితే నోరు చేదవుతుందంటారు, నాకేమీ కాలేదు, బస్టాండులో చెరుకు రసం తాగి వచ్చాను. మర్నాడు కోర్టులో వకీలు లేచి, సాక్షి ఇంట్లో కాన్పు ఉందని చెబుతుంటే, బోనులో నిలబడ్డ ఎంకటి విన్నాడు. వినే ఉంటాడు. బిడ్డ పుట్టే పొద్దు ఇదేనని ఆ మాటతోనే అనుకుని ఉంటాడు. ఆ క్షణం సంతోషపడి ఉంటాడా? ఎప్పుడన్నా అడుగుదామనుకున్నానా? అదే గంటలో నేను ఇదే పొయ్యి ముందు కూర్చుని, మంట సమంగా తగులుతోందా లేదా అని చూసుకుంటున్నాను.

ధర్మయ్యను ఎంకటి చంపలేదని నేనెప్పుడూ అనలేదు. చంపాడు. ధర్మయ్య మా చిన్నాయన కొడుకు, రెండిళ్ళకూ బావి ఒకటే, ఆ ఏడు ఆర్ద్ర కార్తె వచ్చినా చినుకు లేదు, మొలిచిన పసుపు మాడిపోతోంది, నీళ్ళ వంతు నాదంటే నాదని మాట పెరిగింది, ధర్మయ్య చెయ్యెత్తాడు, ఎంకటి చేతిలో పార ఉంది. ఒక్క దెబ్బ. ఆ తర్వాత పార పారేసి ధర్మయ్య తలను వొడిలో పెట్టుకుని, లే అన్నా, లే అన్నా అని ఏడ్చింది కూడా వాడే. ధర్మయ్య పెళ్ళాం ఇప్పటికీ మా గడప వైపు చూడదు, చూడనక్కరలేదు. శిక్ష పడాలె, పడ్డది. నేను సాక్ష్యం చెప్పినా అన్న తమ్ముడి పక్షమే చెబుతాడు గదా అని కొట్టేశారు. నా ఏడుపు శిక్ష మీద కాదు, తారీఖు మీద.

మార్చిలో వాయిదా పడ్డది ఏప్రిల్‌కు పోయింది, ఏప్రిల్‌లో సర్కారు వకీలు రాలేదు, మేలో కోర్టుకు సెలవులు, జూన్‌లో జడ్జి బదిలీ అయ్యాడు, కొత్తాయన వచ్చి మళ్ళీ మొదటి నుంచి వాదనలు వింటానన్నాడు, దసరా, దీపావళి, చివరికి డిసెంబరు ఇరవై రెండున యావజ్జీవం అని చదివారు. శుక్రవారం. యావజ్జీవం అంటే అప్పట్లో అందరికీ ఒకటే లెక్క, నడత బాగుంటే ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళు, ఏదో పండుగకు మాఫీ వస్తుంది, ఇంటికొస్తాడు. నీలవ్వ కూడా అట్లాగే లెక్క పెట్టుకుంది. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్ళు. వాళ్ళ తల్లిగారు వచ్చి మారుమనువు చేస్తామన్నారు, మాలో తప్పేమీ కాదు, ఎవరూ వేలెత్తి చూపరు. ఆమె చంటిపిల్లను చంకనేసుకుని, "తొమ్మిదేండ్లు ఎంతసేపు, కండ్లు మూసి తెరిస్తే వోతయ్" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటకు తలూపాను కూడా.

మూడేళ్ళకు తెలిసింది. వకీలు పిలిపించి కూర్చోబెట్టి చెప్పాడు. ఢిల్లీలో చట్టం మార్చారట, ఉరిశిక్ష పడదగిన నేరానికి యావజ్జీవం పడితే పద్నాలుగేళ్ళు నిండేదాకా వదలరాదని. ఎప్పటి నుంచి సార్ అన్నాను. డెబ్బై ఎనిమిది డిసెంబరు పద్దెనిమిది నుంచి అన్నాడు. ఆలోపు శిక్ష పడ్డవాళ్ళకు పాత లెక్క, ఆ తర్వాత పడ్డవాళ్ళకు కొత్త లెక్క, పెద్ద కోర్టు కూడా అదే తేల్చింది. మా వాడికి ఇరవై రెండున పడ్డది సార్ అన్నాను. అవును ముత్తెన్నా, నాలుగు రోజులు అన్నాడు. ఆయన మంచివాడు, ఆ మాట కాగితాలు సర్దుతూ చెప్పాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. రెండు చట్టాలు జోడుగా అనుకున్నారట, ఒకటి ఉరిని తగ్గించేది, ఇంకొకటి యావజ్జీవాన్ని గట్టి చేసేది. గట్టి చేసేది పాసయింది, తగ్గించేది సగం దారిలో ఉండగా లోక్‌సభ రద్దయి గాలికి పోయిందట. ఒక ఎద్దును కట్టి, రెండోదాన్ని వదిలేసి బండి తోలినట్టుంది నాకైతే. నవీపేట్ రాజానికి అదే కోర్టులో నవంబరులో పడింది. వాడు ఇప్పుడు మా ఇంట్లో పండుకున్నాడు. మా వాడికి ఇంకా నాలుగేళ్ళో అయిదేళ్ళో ఉంది. మార్చిలో నేను బోనెక్కి ఉంటే ఎండాకాలం సెలవులకు ముందే, పాత జడ్జి చేతి మీదనే తీర్పు వచ్చేదని వకీలు అనలేదు. అననక్కరలేకుండా నాకే తట్టింది. వాయిదా ఎందుకడిగానో ఆయన మరిచిపోయాడు. నేను యాది చేయలేదు.

అప్పటి నుంచి ఇంకో పని పెట్టుకున్నాను. పసుపు అమ్మే గంజి మార్కెట్టుకు పోయినప్పుడల్లా ప్రహ్లాద్ సేటు దుకాణంలో కూర్చుని పేపరు చూడడం. సేటు మా పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే మనిషి, పేపరు చదివి పక్కన పెడతాడు, నేను జైళ్ళ మీద, శిక్షల మీద ఏమన్నా ఉందేమోనని వెతుకుతాను. ఉండేది. జైళ్ళ బాగు కోసం కమిటీ వేశారు. కమిటీ రిపోర్టు ఇచ్చింది. పద్నాలుగేళ్ళ సెక్షన్ మార్చాలని కొందరు అడుగుతున్నారు. విషయం పరిశీలనలో ఉంది. సేటు నవ్వేవాడు, "ముత్తెన్నా, పరిశీలనంటే మన గంజిల నాసిరకం పసుపును పక్కకు పెట్టుడే. పారెయ్యరు, కొనరు" అని. ఆయన నవ్వినా కత్తెర ఆయనే ఇచ్చేవాడు. ఆ ముక్కలు కత్తిరించి తెచ్చి నీలవ్వకు చెప్పేవాణ్ణి, వచ్చే ఏడు మారుస్తరట, ఈసారి పార్లమెంటుల పెడ్తరట. పద్నాలుగేళ్ళని ఆమెకు చెప్పింది కూడా నేనే, చెప్పిన నాడే, మళ్ళ మారుస్తరట అని రెండో మాట కలిపాను. చేదు మందులో బెల్లం. ఆరేళ్ళ నుంచి బెల్లమే పెడుతున్నాను. ఆమె నమ్మిందో, నన్ను బాధపెట్టడం ఎందుకని ఊరుకుందో తెలియదు. రత్న మాత్రం నమ్మింది. చదువు వచ్చినప్పటి నుంచి ఆ ముక్కలన్నీ నోటుబుక్కులో మైదాతో అంటించుకుంటోంది.

గుడగుడ మొదలైంది. నురుగు ఆకులను ఎత్తుతోంది. ఒక కొమ్ము తీసి వేళ్ళతో నొక్కి చూశాను, ఇంకా గట్టిగానే ఉంది. కట్టెలు సర్దాలి. రత్న పరుగెత్తుకొచ్చింది, చేతులు మోచేతుల దాకా పసుపు. "పెద్దబాపూ, మొన్నటి పేపరు ముక్క మొత్తం నోటికొచ్చింది, చెప్పనా" అంది. చెప్పు అనే లోపలే మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని, బడిలో పద్యం చెప్పినట్టు, యావజ్జీవ ఖైదీల విడుదలకు సంబంధించిన నిబంధనలను సవరించవలసిన ఆవశ్యకతను ప్రభుత్వం పరిశీలిస్తున్నట్లు విశ్వసనీయంగా తెలిసింది. ఆవశ్యకత దగ్గర ఒకసారి తడబడి మళ్ళీ మొదటికొచ్చింది. అర్థం తెలుసా బిడ్డా అంటే, "బాపును ఇడిచిపెడ్తరని" అంది. తర్వాత, గొంతు తగ్గించి, "రేపు బాపు ముంగట చెప్త. గప్పుడు సూస్తడు గద?" అంది. సూస్తడు బిడ్డా అన్నాను. ఇంకేమనాలి. అది మళ్ళీ కల్లం వైపు పరుగెత్తింది.

జైలు లోపలికి నేను పోయింది తక్కువ. ఇద్దరినే పంపేవాళ్ళు, తల్లీబిడ్డలే పోనీ అని నేను బయట వేపచెట్టు కింద కూర్చునేవాణ్ణి. మంచితనమని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. వాడి ఎదుట నిలబడాలంటే భయం. బయటికొచ్చినప్పుడల్లా నీలవ్వ మొఖం మాడి ఉండేది. "ఎడ్ల సంగతి అడుగుతడు, గంజిల ధర అడుగుతడు, పక్కింటి కుక్కను గూడ అడుగుతడు. గీ పిల్లను అడుగడు బావా" అనేది. జైలుల ఉంటే మనిషి బండవారుతడు అవ్వా అనేవాణ్ణి. వెనకాల రత్న వచ్చేది, జాలీ కమ్మీలు పట్టుకున్న చేతులకు తుప్పు అంటుకుని. నేను బఠాణీలు కొనిచ్చేవాణ్ణి.

చెప్పకుండా ఉండవచ్చు. ఉండవచ్చునా? చట్టం మారవచ్చు. మారకపోయినా నాలుగేళ్ళకు వస్తాడు, వచ్చినాక ఇంట్లో తిరిగే పిల్లను ఎంతకాలం చూడకుండా ఉంటాడు, రక్తం ఊరుకుంటుందా. లేదంటే నేనే వాడికి రహస్యంగా ఒక కార్డు రాసి పడేస్తే. కార్డు అక్కడి వాళ్ళు చదివే ఇస్తారు. ఏమని రాయను, తమ్ముడా, నీ అయిదేళ్ళను నేను పసుపుతో పాటు ఉడకబెట్టిన అని రాయనా. ఇట్లా ఎన్ని దారులు వెతికినా, ప్రతి దారిలోనూ రేపు మధ్యాహ్నం ఆ పిల్ల జాలీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆవశ్యకత దగ్గర తడబడకుండా అప్పజెబుతుంది, కళ్ళు తెరిచేసరికి వాడు గోడ వైపు తిరిగి ఉంటాడు. ఆవిరి వాసన మారింది. పచ్చి వాసన పోయి ఘాటు వచ్చింది. కొమ్ము నొక్కితే మెత్తగా దిగింది.

"నీలవ్వా, జర ఇటు రా."

కొంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చింది. "ఏంది బావా, ఉడికిందా?" అంది. ముప్పై ఏళ్ళకే చెంపల దగ్గర నెరిసింది. పక్కకు చూస్తూ చెబుదామనుకున్నాను, కానీ ఈ ఇంట్లో పక్కకు చూసేవాడు ఒకడు చాలు.

"గా మార్చి వాయిదా నేనే అడిగిన. నీకు నొప్పులస్తున్నయని అబద్ధం చెప్పిన. నీకు నొప్పులు లేకుండె. కడాయి వంతు వచ్చింది, గందుకు. గా వాయిదాతోనే తీర్పు డిసెంబరుకు పోయింది. పిల్ల పుట్టవట్టే గట్లయిందని ఎంకటి అనుకుంటున్నడట. గందుకే దాని మొఖం సూడడు. రాజం చెప్పిండు."

దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. పోస్తే బాగుండేది. ఆమె కడాయి వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది. "గిన్నేండ్ల సంది గట్లనే అనుకుంటున్నడా?" అంది. అవునన్నాను. "తొమ్మిది దినాల తర్వాత గద పుట్టింది."

"అవ్."

"గది నాకు ఎరుకే. నీకు ఎరుకే. ఆయినకే ఎరుకలేదు."

రేపు నేనే లోపలికి వస్తా, నా నోటితోనే చెబుతా, వాడు ఏమన్నా పడతా అన్నాను. ఆ మాట ఆమెకు వినబడినట్టు లేదు. కింద కూర్చుంది, పసుపు బస్తా మీద కాదు, మట్టిలోనే. నాతో అన్నట్టు కాకుండా మాట్లాడింది.

"వరంగల్ కెల్లి ఒచ్చినప్పుడల్లా దాన్ని కొట్టిన బావా. ఇంటికొచ్చినంక, తలుపేసి. జడ సక్కగ ఏసుకోలేదని, నవ్వుమొఖం పెట్టలేదని, మంచిగ ఉంటే బాపు సూడడా అని కొట్టిన. ఎన్నిసార్లు పొయ్యచ్చినమో అన్నిసార్లు కొట్టిన. ఎందుకు కొడ్తున్నవే అవ్వా అని అది ఒక్కనాడు అడగలే."

మేమిద్దరం తన వైపే చూస్తుండడం కల్లంలో నుంచి రత్న గమనించింది. చేతిలో గంప కింద పెట్టి, పసుపు చేతులను లంగాకు గబగబా తుడుచుకుని, రెండు జడలూ ముందుకు తీసి సరిచేసుకోసాగింది.